రెండు సెంటీమీటర్ల మనిషి కోసం జర్మనీ దాకా

మా అమ్మాయి ఎర్లాంగెన్‌లో ఉద్యోగం చేస్తుంది. "ఈసారన్నా రా నాన్నా, కోటలు చూద్దాం, ఆల్ప్స్ చూద్దాం" అని మూడేళ్లుగా ఒకటే పోరు. పోయిన మే నెలలో బయలుదేరాను. సూట్‌కేసులో కొత్త ఆవకాయ, సకినాలు, అల్లుడికి ఇష్టమని రెండు కిలోల కారప్పొడి. హ్యాండ్ బ్యాగులో మాత్రం ఒక చిన్న జిప్ కవరు, అందులో పన్నెండు మంది మనుషులు.

నేను గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు కానీ నాకు ఆ పేరు నోటికి రాదు. రిటైరయ్యాక వెనక గదిలో ఎనిమిదడుగుల ప్లైవుడ్ మీద కాజీపేట జంక్షన్ కడుతున్నాను. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలుకు 87వ వంతు. పట్టాలు వేశాను, స్టేషన్ బిల్డింగు కట్టాను, ఓవర్‌బ్రిడ్జి లేచింది. కానీ జనం లేని కాజీపేట ఏం కాజీపేట? కర్ఫ్యూ పెట్టినట్టుంది.

జనం కోసం ఆన్‌లైన్‌లో నూరు మంది ఉన్న ఒక సంచీ తెప్పించాను. రంగులు వేసినవే. విప్పి టేబుల్ మీద పోస్తే మా ఆవిడ "ఇదేంది, కిస్మిస్ లెక్క ఉన్నది" అన్నది. లెక్కపెడితే అచ్చులు ఐదే. ఒకే మనిషి ఎర్ర చొక్కాలో, పచ్చ చొక్కాలో, నీలం చొక్కాలో ఇరవై సార్లు నిలబడి ఉన్నాడు. చేతులు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకావిడ ముఖం రంగు మెడ దాటి జాకెట్ మీదికి కారింది. అందరూ నూనె రాసుకున్నట్టు తళతళా మెరుస్తున్నారు. అప్పుడు బీరువాలోంచి పాత డబ్బా తీశాను. 1994లో జర్మనీ వెళ్లొచ్చిన ఒక మిత్రుడు తెచ్చి ఇచ్చిన ఆరుగురు మనుషులు అందులో ఉన్నారు. వాళ్లను వీళ్ల పక్కన పెట్టి చూస్తే బాధనిపించింది. ఇద్దరు పాతవాళ్లను, పది మంది కొత్తవాళ్లను కవర్లో వేసుకున్నాను, జర్మనీలో ఎవరినైనా అడుగుదామని.

"కోటలు తర్వాత, ముందు నీ బొమ్మలేనా" అని మా అమ్మాయి నవ్వింది కానీ మొదటి శనివారమే నన్ను న్యూరెంబర్గ్ తీసుకెళ్లింది. ఎర్లాంగెన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలు. బొమ్మలకైనా రైళ్లకైనా అది పుట్టిల్లు లాంటి ఊరు. జర్మనీలో ఆవిరి ఇంజను లాగిన మొదటి ప్రయాణికుల రైలు 1835 డిసెంబరులో న్యూరెంబర్గ్ నుంచి పక్కనున్న ఫ్యూర్త్‌కే నడిచింది. బొమ్మల వ్యాపారం అంతకంటే ఎంతో పాతది.

బొమ్మల మ్యూజియం పాత బస్తీలో, నాలుగంతస్తుల ఇంట్లో ఉంది. నన్ను అక్కడ కట్టిపడేసినవి తగరం సిపాయిలు. కాగితంలా పలచగా, పక్కనుంచి చూస్తే గీతలా ఉంటారు. పలక రాయి మీద ఆకారం చెక్కి, అందులో కరిగిన తగరం పోసి తీసేవారు. 1839లో ఈ ఊళ్లోనే ఎర్నెస్ట్ హైన్రిక్సెన్ అనే ఆయన ఇలాంటి బొమ్మల వ్యాపారం పెట్టాడు. ఆయన పట్టుకున్న సుమారు మూడు సెంటీమీటర్ల ఎత్తు తర్వాత అందరికీ కొలత అయింది, దాన్నే 'న్యూరెంబర్గ్ సైజు' అంటారు.

అద్దానికి ముక్కు ఆనించి ఒక గుర్రపు రౌతును చూశాను. కోటుకి నీలం, కాలరుకి ఎరుపు, గుర్రానికి గోధుమ రంగు, డెక్కలకి నలుపు. బుగ్గ మీద ఒక గులాబీ చుక్క. అంతే. కానీ ఆ చుక్క సరిగ్గా బుగ్గ మీదే ఉంది. ఆ రోజుల్లో వీటికి రంగులు వేసింది ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు. లెక్కకి ఇంత అని కూలీ, అదీ చాలా తక్కువ. పాతకాలం పనితనం అని నేను లొట్టలేసుకుంటూ చూస్తున్నది దీపం వెలుగులో ఏ పదేళ్ల పిల్లో పెట్టిన చుక్క కావచ్చు. అది తట్టాక కాసేపు ఆ అద్దం ముందు నుంచి కదల్లేకపోయాను. మా అమ్మాయి "పోదామా నాన్నా" అని రెండుసార్లు పిలిచింది.

మ్యూజియం నుంచి బయటపడి, సందుల్లో తిరిగి, సెకండ్ హ్యాండ్ రైలు బొమ్మలమ్మే ఒక కొట్టు పట్టుకున్నాం. ఓనరుకి డెబ్బై దాటి ఉంటాయి. ఆయనది జర్మన్, నాది తెలుగు, మధ్యలో మా అమ్మాయి. నేను కవరు విప్పి పన్నెండు మందినీ గాజు బల్ల మీద నిలబెట్టాను. ఆయన ఏమీ అనలేదు. సొరుగు లాగి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం తీసి నా చేతికిచ్చాడు. పక్కన తన దగ్గరున్న ఇద్దరు స్టేషన్ మాస్టర్లను పెట్టాడు. ఒకటి పాత డబ్బాలోది, ఒకటి ఈ మధ్య వచ్చిన ప్యాకెట్లోది.

అక్కడ రైలుకి బయలుదేరమని సైగ చేసే ఆయన ఎర్ర టోపీ పెట్టుకుంటాడు, చేతిలో పచ్చ అంచున్న తెల్ల బిళ్ల కర్ర ఉంటుంది. పాత బొమ్మ టోపీ ఎర్రగా, దాని అంచు నల్లగా, రెండు రంగులూ కలిసే చోట గీత తిన్నగా ఉంది. టోపీ కింద మెడ వెనక జుట్టు, కోటు మీద రెండు పసుపు గుండీలు. బిళ్ల తెల్లన, దాని చుట్టూ పచ్చని అంచు. బూట్ల నలుపు వేరు, ప్యాంటు నలుపు వేరు. కొత్తాయనకి టోపీ ఎరుపు నుదుటి మీదికి దిగింది. జుట్టు లేదు. చెయ్యి, కోటు ఒకే నీలం, గ్లౌజులు వేసుకున్నాడేమో అనుకోవాలి. పాత మనిషి మీద తొమ్మిది రంగులు లెక్కపెట్టాను. కొత్త మనిషి మీద నాలుగు.

"ఒక రంగు తగ్గిందంటే బొమ్మని ఒకసారి తక్కువ చేతిలోకి తీసుకున్నారని అర్థం" అన్నాడాయన. ఒక రంగు వేసి ఆరబెట్టాలి, మళ్లీ తీసి ఇంకో రంగు వేయాలి. తొమ్మిది రంగులంటే తొమ్మిది సార్లు. జీతాలు పెరిగిన దేశంలో ఆ తొమ్మిది సార్లకి డబ్బు ఎవరిస్తారు? అందుకే రంగుల పని కూలి తక్కువున్న దేశాలకి పోయింది. అక్కడికి పోయినంత మాత్రాన పని పాడవ్వాలని లేదు, టైమిస్తే వాళ్లూ బాగానే వేస్తారు, టైమే ఇవ్వరు అని కూడా అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. 'చైనా మాల్' అని ఒక్క ముక్కలో కొట్టిపారేసే అలవాటు నాకూ ఉంది.

చేతులు ఒంటికి ఎందుకు అతుక్కుంటాయో కూడా చెప్పాడు. బొమ్మను ముందు పెద్దగా చెక్కి, దాన్ని చూసి ఉక్కు అచ్చులో చిన్నగా తొలుస్తారు. అచ్చు రెండు ముక్కలు. కరిగిన ప్లాస్టిక్ కొట్టాక రెండూ విడిపోవాలి కాబట్టి చంక కింద సందు రాదు. అందుకని మంచి బొమ్మకి చెయ్యి విడిగా తీసి అంటిస్తారు, ఒక్కోసారి టోపీ, సంచీ కూడా. చవక బొమ్మ ఒకే దెబ్బలో పడుతుంది, దాంతో చెయ్యి ఒంట్లోనే ఉండిపోతుంది. అచ్చు అరిగితే రెండు ముక్కల మధ్య ప్లాస్టిక్ పొరలా బయటికొస్తుంది. నా కిస్మిస్ మనుషుల చెవుల పక్కన తోక లాంటిది ఉండేది, అది ఇదేనన్నమాట.

రంగు మందం సంగతి మాత్రం నేనే లెక్కేసి ఆయనకి చూపించాను. మంచి పొడుగున్న మనిషి ఈ స్కేల్లో రెండు సెంటీమీటర్లు. ముఖం వెడల్పు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. రంగు పొర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉందనుకోండి, దాన్ని 87తో గుణిస్తే నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది. మన ముఖానికి అంత మందాన సున్నం కొడితే ముక్కు, పెదవులు ఏమవుతాయి? ఆయన పెద్దగా నవ్వి, మా అమ్మాయితో "మీ నాన్నగారు రైల్వేనా?" అని అడిగాడట.

ఆ పాత స్టేషన్ మాస్టర్‌ను నాకే అమ్మాడు. పక్కన షెల్ఫులో కొత్తగా వచ్చిన మంచి రకం ప్యాకెట్లూ ఉన్నాయి. రంగులు చక్కగా ఉన్నాయి, కాదనను. కానీ ఆరుగురికి పదిహేను నుంచి ఇరవై యూరోలు. మన డబ్బుల్లో తలకి రెండు వందల యాభై పైనే. నా కాజీపేట ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికే నూట యాభై మంది కావాలి. ఆ లెక్క మా ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు. నాలాంటి వాళ్లే నూరు మంది సంచీలు కొంటారు, కొన్నాక రంగు బాగాలేదని ఏడుస్తారు.

మర్నాడు రోథెన్‌బుర్గ్. కోట గోడలు, రాళ్లు పరిచిన వీధులు, పర్యాటకుల రద్దీ. ఊరు బాగుంది, ఫోటోలు అల్లుడి దగ్గరున్నాయి. నాకు గుర్తుండిపోయింది అక్కడికి వెళ్లే చిన్న రైలు. స్టైనాఖ్‌లో మారితే రెండు పెట్టెల బండి, పదకొండు కిలోమీటర్లు, పావుగంట లోపు ప్రయాణం. కిటికీలోంచి పసుపు ఆవ పొలాలు కనిపించాయి. ఆ చుట్టుపక్కలే స్టైన్స్‌ఫెల్డ్ అనే పల్లె ఉంది. మోడల్ రైళ్ల మనుషుల్లో అందరికంటే పేరున్న ప్రైజర్ కంపెనీది ఆ ఊరే. 1949లో మొదలైంది. నా పాత డబ్బాలోని ఆరుగురు అక్కడివాళ్లే. ఇప్పటి మోడల్ రైలు స్టేషన్లలో పెట్టె పట్టుకుని నిలబడ్డ సగం ప్రపంచం ఈ ఆవ పొలాల మధ్య నుంచి వచ్చిందని అల్లుడికి చెబితే "మామయ్యా, దిగుదామా?" అన్నాడు. ఆదివారం ఎవరుంటారు, వద్దన్నాను. చెయ్యి మాత్రం ఊపాను.

చివర్లో హాంబుర్గ్. పాత గోదాముల పేటలో ఎర్ర ఇటుకల భవనంలో ఉంది మినియేచర్ వండర్‌ల్యాండ్. బ్రౌన్ అనే కవల అన్నదమ్ములు 2001లో తెరిచిన ప్రపంచంలోకెల్లా పెద్ద మోడల్ రైల్వే. అందులో రెండున్నర లక్షలకు పైగా బొమ్మ మనుషులు. మా వరంగల్ సిటీకి మూడో వంతు జనాభా అనుకోండి! పావుగంటకోసారి లైట్లు తగ్గి రాత్రవుతుంది, వేల కిటికీల్లో దీపాలు వెలుగుతాయి. విమానాశ్రయంలో విమానాలు నిజంగానే పరుగెత్తి పైకి లేస్తాయి. నేను విమానాలు చూడలేదు, కొట్టాయన దగ్గర ఇరవై యూరోలకి కొన్న భూతద్దం పట్టుకుని కటకటాల దగ్గర వంగి కూర్చున్నాను. పిల్లలు నన్ను కూడా ఒక ఐటమ్ అనుకుని చూశారు.

రెండు గంటలు చూశాక ఒకటి తెలిసింది. కటకటాలకి జానెడు దూరంలో ఉన్నవాళ్లకి ముఖం ఉంది. ఒకడు నిచ్చెన మీద నుంచి జారుతున్నాడు, మోకాలు దగ్గర కోసి వంచి అతికించిన గీత భూతద్దంలో కనిపించింది. స్విట్జర్లాండ్ వైపు ఓపెన్ ఎయిర్ కచేరీలో వేల మంది ఉన్నారు. అక్కడ ఎవరి ముక్కూ నాకు కనబడలేదు, అక్కర్లేదు కూడా. చొక్కాల రంగులు, లేపిన చేతులు చాలు, గోల వినిపిస్తుంది. నా నూరు మంది తప్పు ముఖాల్లోనే లేదు, వాళ్లను నేను ముందు వరుసలో పెట్టడంలో కూడా ఉంది.

తిరిగి ఎర్లాంగెన్ వచ్చాక అమ్మాయి వంటింటి బల్ల మీద పని పెట్టుకున్నాను. రంగులు వేయని బొమ్మల ప్యాకెట్ కొన్నాం. మడమల దాకా గౌను వేసుకున్న ఒకావిడను తీసుకుని చీర కడదామని కూర్చున్నాను. పొడవాటి పిన్నుకి జిగురుతో అంటించి, నెత్తి నుంచి కాలి దాకా బూడిద రంగు, అది ఆరాక చామనఛాయ. జాకెట్టు ఆకుపచ్చ, చీర ఆవపువ్వు రంగు. పైట కోసం సిగరెట్ కాగితం సన్నగా కోసి జిగురుతో భుజం మీంచి వేశాను. అంచు గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాను, అయినా రెండుసార్లు తప్పింది. జుట్టు, కొప్పు, కొప్పులో తెల్ల చుక్క. బొట్టు పెట్టబోతే నుదురంతా ఎరుపైంది, తుడిచి మళ్లీ వేశాను. మొత్తం తొమ్మిది రంగులు, గంటా నలభై నిమిషాలు. మా అమ్మాయి వచ్చి చూసి "అమ్మమ్మ లెక్క ఉంది నాన్నా" అన్నది. అప్పుడు గడియారం చూసుకున్నాను. రెండు వందల యాభై రూపాయలకి ఇంకొకరు ఈ పని ఎందుకు చేయాలో నాకు అర్థం కాలేదు.

కాజీపేట వచ్చి రెండు నెలలైంది. కిస్మిస్ మనుషులకి మెరుపు పోయేలా పైన మ్యాట్ వార్నిష్ కొట్టి, ఆఖరి ప్లాట్‌ఫారం మీద, వీపు మనవైపు ఉండేలా నిలబెట్టాను. ఒకటో నంబరు మీద ఇప్పటికి చీరలో పద్నాలుగు మంది, పంచెలో ఆరుగురు, ఒక చాయ్ కుర్రాడు. స్టేషన్ మాస్టర్‌ను తెల్ల డ్రెస్సులోకి మార్చాలని బ్రష్ పట్టుకున్నాను. ఆ టోపీ అంచు గీత చూసి చెయ్యి రాలేదు. పాత రంగు గీకకుండా అలాగే ఆఫీసు గది ముందు పెట్టేశాను.

మొన్న మనవడు వచ్చి అడిగాడు, "తాతా, ఈ ఎర్ర టోపీ ఆయన ఎవరు?"

"డెప్యుటేషన్ మీద వచ్చిండు" అన్నాను.