గోడల వాసన పోయింది, అలమరది పోలేదు

రంగుల వాసన కొద్ది రోజులకే తగ్గింది. అత్తమ్మ గదిలో కళ్ళమంట మాత్రం తగ్గలేదు. కడప ఎర్రముక్కపల్లెలో మేం కట్టుకున్న కొత్తింట్లోకి వచ్చింది వేసవి మొదట్లో. ఆమెకు ముందునుంచే ఆయాసం. రాత్రి ఏసీ వేసి తలుపులు మూస్తే తెల్లారేసరికి ముక్కు దిబ్బడ, గొంతు బొంగురు. "ఈ రూములో నాచేత కాదు పాపా, హాల్లో చాప వెయ్యి" అనేది.

డాక్టరు ఇన్‌హేలర్ రాసి, ఇంట్లో కొత్తగా ఏం చేయించారని అడిగాడు. నేను ఇంటికొచ్చి ఆమె గదిలో అలమర తెరిచి తల లోపల పెడితే గుప్పుమని కొట్టింది. అరల అడుగున మైకా లేదు. కోసిన అంచుల్లో రంపపు పొట్టు కనబడుతోంది, గోటితో గీకితే రాలుతోంది. ప్లైవుడ్ అని చెప్పి, లోపల ఎవరు చూస్తారులే అని పార్టికల్ బోర్డు వేసినారు. పొట్టును యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అదిమి చేసే పలక అది. ఆ జిగురులోంచి కళ్ళు, ముక్కు మండించే ఫార్మాల్డిహైడ్ ఆవిరి నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది. వేడి, తేమ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. కడప ఎండకు మిద్దె కాగితే ఇంక చెప్పేదేముంది! స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది.

ఈ ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ తెచ్చేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఇంటి గాలిలో అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. చదివాక నాకు నిద్ర పట్టలేదు.

"కొత్తది కదా మేడం, వాసన దానంతటదే పోతాది" అన్నాడు కార్పెంటరు.

"అంతవరకూ మా అత్తమ్మ యాడ పండుకోవాలన్నా?" అని అరలన్నీ పీకించాను.

గోడలో గాడి కొట్టించి, వాటి చోట కడప బండలు పెట్టించాం. రాయికి జిగురు లేదు, వాసన లేదు. తలుపులకు ఆ ఆవిరి చాలా తక్కువగా వదిలే ఈ-జీరో గ్రేడు ప్లైవుడ్, షీటు మీద ముద్ర చూసుకునే తెచ్చాం. రెండు వైపులా మైకా, అంచులకు పట్టీ వేయించేదాకా పక్కనే నిలబడ్డాను. థిన్నర్ కలిపే ఎనామిల్ వద్దని, కిటికీ చెక్కలకు నీళ్ళ రంగే వేయించాం. కిటికీలకు దోమల మెష్ కొట్టించినాక చల్లబడ్డ వేళల్లో ఎదురెదురుగా తెరిచే ఉంచుతున్నాం.

అత్తమ్మ మళ్ళీ తన గదిలోనే పడుకుంటోంది. ఇన్‌హేలర్ మానలేదు, డాక్టరు మానొద్దన్నాడు. పిల్లల గదిలో అలమర కూడా ఆ పలకదే. దసరా సెలవుల్లో వాళ్ళను అమ్మ వాళ్ళింటికి పంపి దాన్నీ పీకిస్తాం.