ముందు నా ఎముకలు, తర్వాతే బిడ్డ సంగతి

నా అండాశయాలు పనిచేయడం దాదాపుగా ఆగిపోయిందని ఇరవై తొమ్మిదో ఏట తెలిసింది. నలభై ఏళ్ళు నిండకముందే అండాశయాలు అండాలను విడుదల చేయలేక, ఈస్ట్రోజన్‌ను తగినంతగా తయారు చేయలేక చతికిలబడే ఈ స్థితిని అకాల అండాశయ వైఫల్యం అంటారు. ఈ సంగతి బయటికి పొక్కిన నాటి నుంచి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా అత్తవారింట్లోనూ, సరిహద్దుకు అవతల పాతపట్నంలో ఉన్న పుట్టింట్లోనూ, బరంపురం బంధువుల ఇళ్ళలోనూ అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇక పిల్లలు పుట్టరా? దీనివల్ల నా ఒంటికి ఏమవుతుందని అడిగినవారు చాలా కాలం వరకు కనిపించలేదు. పిల్లలు లేని దుఃఖం చిన్నదని నేను ఎన్నటికీ అనను, ఆ దుఃఖంతోనే నేను రోజులు గడుపుతున్నాను. అయినా ఈ వ్యాధి వచ్చిన అమ్మాయికి మొదట వైద్యం జరగవలసింది ఆమె ఒంటికి అని, గర్భం సంగతి ఆ తర్వాతే వస్తుందని గట్టిగా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మొదట నెలసరి ఆలస్యమవడం మొదలైంది, తర్వాత నెలల తరబడి రాలేదు. ఇరుగుపొరుగువారు నీళ్ళోసుకున్నానేమోనని ఆశగా చూశారు. రాత్రిళ్ళు ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి, మెడ కింద దిండు తడిసిపోయేది, నిద్ర పట్టేది కాదు, కీళ్ళు నొప్పులు పెట్టేవి. అమ్మ వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. మొదట చూపించుకున్న చోట రక్తపరీక్ష ఏదీ రాయకుండా, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి నెలసరి రావడానికి మాత్రలు ఇచ్చారు. మాత్రలు వాడితే నెలసరి వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, మాత్రలు ఆపగానే మళ్ళీ మొదటికొచ్చింది. మాత్రల వల్ల వచ్చిన నెలసరి అండాశయాలు బాగున్నాయనడానికి రుజువు కాదని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో కాలం కలిసివచ్చేది. నాలుగు నెలలకు పైగా నెలసరి సక్రమంగా లేని యువతికి గర్భం లేదని తేల్చుకున్న వెంటనే, అండాశయాలను పనిచేయించే హార్మోను అయిన ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన రకమైన ఎస్ట్రడయాల్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఎఫ్‌ఎస్‌హెచ్ లీటరుకు 25 ఐయూ దాటి ఉంటే ఈ వ్యాధిని అనుమానించాలి. విశాఖపట్నంలో నన్ను చూసిన వైద్యురాలు ఆ పరీక్షలే చేయించి, రిపోర్టు నా ముందు పెట్టి, ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి వివరించారు.

నలభై ఏళ్ళలోపు స్త్రీలలో నూటికి ఒకరికి, ముప్పై ఏళ్ళలోపువారిలో వెయ్యికి ఒకరికి ఇది వస్తుందని చాలా కాలంగా చెప్పుకుంటున్న లెక్క. ఇటీవలి అంచనాలు అంతకంటే ఎక్కువే చెబుతున్నాయి. ఎక్స్ క్రోమోజోములో లోపాలు, శరీరం తన కణాలపైనే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులు, క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ, రేడియేషన్, అండాశయాలకు జరిగిన శస్త్రచికిత్స ఇందుకు తెలిసిన కారణాలు. ఎక్కువమందిలో మాత్రం కారణం దొరకదు. నాకు క్రోమోజోముల పరీక్ష, ఎక్స్ క్రోమోజోము మీద ఉండే ఎఫ్‌ఎంఆర్1 జన్యువు పరీక్ష రెండూ మామూలుగానే వచ్చాయి. ఏ జన్మలో ఏ పాపం చేశామోనని అమ్మ వెతుక్కుంటూ కూర్చుంది. సాక్షాత్తు వైద్యశాస్త్రమే కారణం చెప్పలేకపోతున్న చోట పాపాన్ని తెచ్చి పెట్టవద్దని ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈస్ట్రోజన్ పిల్లల కోసం మాత్రమే ఉన్న హార్మోను కాదు. ఎముకలు గట్టిగా ఉండడానికి, రక్తనాళాలు ఆరోగ్యంగా ఉండడానికి కూడా అది కావాలి. యాభై ఏళ్ళ దగ్గర తగ్గవలసిన ఆ హార్మోను ముప్పైకి ముందే తగ్గిపోయిన స్త్రీకి ఎముకలు గుల్లబారే ప్రమాదం, గుండెజబ్బు ప్రమాదం తన ఈడువారికంటే ఎక్కువ. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాను నాకు చేస్తే, అందులో వెన్నెముక సాంద్రత నా వయసుకు ఉండవలసినదానికంటే తక్కువగా ఉంది. మాకు చోడి (రాగి) అంబలి, ఇక్కడి ఒడియావారికి మాండియా జావు అనే రాగిజావ నిత్యం అలవాటైన తిండే, 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కూడా. అయితే ఈస్ట్రోజన్ లేని లోటును ఏ అంబలీ తీర్చలేదు. అందుకే సహజంగా ముట్లుడిగే వయసు వరకు, అంటే దాదాపు యాభై ఏళ్ళ వరకు, లేని హార్మోనును బయటి నుంచి ఇవ్వాలి. ఈస్ట్రోజన్‌తో పాటు గర్భాశయపు లోపలి పొర అతిగా పెరగకుండా ప్రొజెస్టరాన్ కూడా ఇస్తారు.

ఆ మందులు రాసిన చీటీ తీసుకుని మందుల షాపుకు వెళితే, కౌంటరు దగ్గరి కుర్రవాడు దాన్ని చదివి, "ఇవి మీ అమ్మగారికా మేడం?" అని అడిగాడు. నాకేనని చెప్పాను. అతను చీటీ మీద వయసు మళ్ళీ చూసి, ఇంకేమీ అడగకుండా, శానిటరీ నాప్కిన్లు చుట్టి ఇచ్చినట్టు ఆ మాత్రలను ఒడియా పేపరులో చుట్టి చేతికిచ్చాడు.

ఇంట్లో రెండు భయాలు బయలుదేరాయి. హార్మోను మాత్రలు వాడితే క్యాన్సర్ వస్తుందనేది ఒకటి. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనంలో ఈస్ట్రోజన్‌ను, ప్రొజెస్టరాన్‌లా పనిచేసే మందైన ప్రొజెస్టిన్‌ను కలిపి వాడిన విభాగాన్ని రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగిందని 2002లో మధ్యలోనే ఆపేశారు, ఆ వార్త ప్రపంచమంతా పాకింది. కానీ అందులో పాల్గొన్నవారు 50 నుంచి 79 ఏళ్ళ మధ్యవారు, వారి సగటు వయసు 63. ఈడుకు ఉండవలసిన హార్మోనును తిరిగి పొందుతున్న ముప్పై ఏళ్ళ స్త్రీకి ఆ ఫలితాన్ని అంటగట్టడం తగదు. అప్పటికే రొమ్ము క్యాన్సర్ వచ్చినవారి సంగతి వేరు, అది వైద్యులు తేల్చవలసిన విషయం. రెండో భయం, ఈ మాత్రలు వేసుకుంటే పుట్టే పిల్లలు కూడా పుట్టరని. ఈ వ్యాధిలో అండాశయాలు ఎప్పుడో ఒకప్పుడు తమంతట తాము అండాన్ని విడుదల చేయవచ్చు, నూటికి అయిదు నుంచి పదిమందికి అలా గర్భం కూడా వస్తుంది. హార్మోన్ భర్తీకి ఇచ్చే మామూలు మోతాదు గర్భనిరోధకంగా పనిచేయదు కాబట్టి ఆ కాస్త అవకాశానికి అది అడ్డు రాదు.

ఈ మాటలు ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. చివరికి అర్థం చేసుకున్నది మా అత్తగారు. ఆవిడ పెరట్లో కాలు జారి చేయి ఊనుకుంటే మణికట్టు విరిగింది. ముట్లుడిగిన తర్వాత ఎముకలు పలచబడతాయని కట్టు కట్టిన వైద్యుడు చెప్పగానే ఆవిడ నావైపు తిరిగి, "నాకు అరవైలో అయినది నీకు ఇప్పుడే అవుతోందా అమ్మా?" అన్నారు. ఆ రోజు నుంచి భోజనం కాగానే నా మాత్ర వేసుకున్నానా లేదా అని అడిగేది ఆవిడే.

బయట అంత సులువుగా లేదు. బంధువుల ఇంట శ్రీమంతంలో హారతి పళ్ళెం నా వరుస దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్దావిడ దాన్ని నా ముందు నుంచి అవతలి ఆమెకు అందించింది. పిల్లల క్షేమం కోసం తల్లులు చేసే షఠీ ఓషా నోము నాడు పక్కింటి ఒడియా పిల్లల తల్లులు ఉపవాసం ఉంటే నేను తలుపు వేసుకుని కూర్చున్న సంవత్సరాలున్నాయి. మా ఆయనకు మరో సంబంధం చూస్తామని నా ఎదుటే అన్నవారూ ఉన్నారు. ఆయన వారికి గట్టిగానే బదులు చెప్పారు. అలాంటి అండ లేని అమ్మాయిలు తెలుసుకోవలసింది ఏమిటంటే, హిందూ వివాహ చట్టంలో సంతానం కలగకపోవడం విడాకులకు కారణంగా లేదు, భార్య ఉండగా, విడాకులు లేకుండా, మరో పెళ్ళి చేసుకోవడం నేరం.

బిడ్డ విషయంలో మేము తొందరపడడం లేదు, అందుకు ఆధారం కూడా ఉంది. ఈ వ్యాధిలో గర్భాశయం సాధారణంగా బాగానే ఉంటుంది. దాత ఇచ్చిన అండంతో ఐవీఎఫ్ (శరీరం బయట పిండాన్ని రూపొందించి గర్భాశయంలో పెట్టే చికిత్స) చేయించుకుంటే ఫలితం ఎక్కువగా దాత వయసును బట్టి ఉంటుంది. మన దేశంలో 2021 నాటి చట్టం ప్రకారం అండదాతకు 23 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసు ఉండాలి, ఆమె జీవితంలో ఒక్కసారే దానం చేయాలి, చికిత్స పొందే స్త్రీకి 50 ఏళ్ళ వరకు అవకాశం ఉంది. ఇప్పుడే చేయించకపోతే చేయి దాటిపోతుందని తొందరపెట్టే ఏజెంట్ల మాట నమ్మి అప్పులు చేయవలసిన పని లేదు. దత్తత గురించి కూడా మేమిద్దరం మాట్లాడుకుంటున్నాము. ఏది ఎంచుకున్నా ఎముకల స్కాను మళ్ళీ చేయించి, ఫలితం చూసుకున్న తర్వాతే.

మా చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. నా సంగతి దాని దగ్గర ఎత్తవద్దని, పెళ్ళివారికి తెలిస్తే సంబంధం తప్పిపోతుందని అమ్మ బతిమాలింది. అక్కకో తల్లికో ఈ వ్యాధి ఉన్న అమ్మాయికి ముప్పు కొంత ఎక్కువగా ఉంటుందని తెలిసిన తర్వాత మౌనంగా ఉండడం నాకు న్యాయంగా తోచలేదు. చెల్లికి అంతా వివరంగా చెప్పాను. అది తన నెలసరి తేదీలు రాసుకోవడం మొదలుపెట్టింది, ఈసారి నేను విశాఖ వెళ్ళేటప్పుడు నాతో వచ్చి, తనకు ఏ పరీక్షలు అవసరమో వైద్యురాలినే అడుగుతానంది.