ఆటు చూసుకుని బయల్దేరండి

సముద్రం ఒడ్డున తీరిగ్గా ఒక రోజు గడపాలంటే ఎండా వానా కంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూడాలి. చాలా తీరాల్లో పోటుకీ (నీరు ఒడ్డుకి ఎక్కడం) ఆటుకీ (నీరు వెనక్కి తీయడం) మధ్య ఆరు గంటల పైచిలుకు. మర్నాడు అదే ఆటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. నిన్నటి టైం నమ్ముకుంటే అక్కడే దెబ్బ. రాళ్ల గుంటల్లో పీతలూ నత్తలూ చూడాలంటే నీరు పూర్తిగా తీయడానికి గంట ముందే చేరాలి, నీరు తిరగ్గానే వచ్చేయాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎంత దూరం తీస్తుందో అంత ఎత్తుకి తిరిగొస్తుంది కూడా.

పచ్చగా నిగనిగలాడే రాయి మీద కాలు పెట్టొద్దు, నాచు. తెల్లటి గుల్లలు పట్టిన గరుకు రాయి జారదు (చెయ్యి వేస్తే మాత్రం కోసుకుపోతుంది). తిరగేసిన రాయిని మళ్లీ అలాగే బోర్లించండి. లేకపోతే కిందున్న ప్రాణులు ఎండకి చచ్చిపోతాయి.

స్నానానికి దిగితే, అలల మధ్య అల విరగని నున్నటి పాయని నమ్మొద్దు. లోపలికి లాగేది తరచూ అదే. చిక్కుకుంటే ఎదురీదకుండా ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి.