407 పెద్దదా, 470 పెద్దదా? మా పాపతో మూడు వారాలు

మేముండేది బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర. పాప మూడో తరగతి. ఒకరోజు సాయంత్రం హోంవర్క్ చూస్తే 98, 102 లలో 98 పెద్దదని గుర్తు పెట్టి ఉంది. ఎందుకని అడిగాను. "తొమ్మిది, ఎనిమిది పెద్ద అంకెలు కదమ్మా! ఇటు చూడు, ఒకటి, సున్నా, రెండు. అన్నీ చిన్నవే" అంది.

తొందరలో నేనొక సూత్రం చెప్పేశాను: ఎన్ని ఎక్కువ అంకెలుంటే అంత పెద్ద సంఖ్య. ఆ పేజీ మొత్తం కరెక్టుగా చేసింది. మర్నాడు 407, 470 వచ్చాయి. రెండిట్లోనూ మూడే అంకెలు. ఈసారి 407 పెద్దదంది. పూర్ణ సంఖ్యలకు నా సూత్రం తప్పు కాదు, కానీ అది ఎందుకు నిజమో పాపకు తెలియదు. అలా వదిలేస్తే రేపు దశాంశాల్లో 0.4 కంటే 0.35 పెద్దదంటుంది, అంకెలు ఎక్కువున్నాయి కాబట్టి.

స్టేషనరీ షాపులో 50 ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్లు నాలుగు కొన్నాను. 98, 102 కలిపితే సరిగ్గా 200. హాల్లో చాప పరిచి కూర్చున్నాం. పది పుల్లలకొక రబ్బరు బ్యాండు, పది కట్టలకొక సంచి. ఒకవైపు తొమ్మిది కట్టలు, ఎనిమిది విడి పుల్లలు వచ్చాయి. రెండోవైపు ఒక సంచి, రెండు పుల్లలు. కట్టలు కట్టే పని నేను చెయ్యలేదు, మొత్తం తననే కట్టమన్నాను. గంట పట్టింది. పదో కట్ట సంచిలో వేస్తూ "ఇందులోనే పది కట్టలున్నాయి, అక్కడ తొమ్మిదే" అని తనే అంది. ఆ గంటలో నేను చెప్పింది చాలా తక్కువ.

407 దగ్గర మాత్రం చిక్కు వేరు. కాగితాలు కత్తిరించి వంద, పది, ఒక రూపాయి నోట్లు చేశాను. ఒక పర్సులో నాలుగు వందలు, ఏడు ఒకట్లు. ఇంకో దాంట్లో నాలుగు వందలు, ఏడు పదులు. ఏది కావాలంటే ఆలోచించకుండా రెండోది లాక్కుంది. "మరి పుస్తకంలో 407 పెద్దదని రాశావేం?" అంటే, "అది లెక్క కదమ్మా, లెక్క కుడివైపు నుంచి కదా చెయ్యాలి!" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. కూడికలు, తీసివేతలు ఒకట్ల నుంచి మొదలుపెట్టాలని బడిలో గట్టిగా నేర్పారు. తను అదే ఇక్కడా పాటించి, ఏడు, సున్నా చూసి ఆగిపోయింది. అజాగ్రత్త అని కసురుకుని ఉంటే ఎంత అన్యాయమయ్యేదో!

కూడికలో ఒకట్లు పది దాటితే పదుల్లోకి వెళ్తాయి, అందుకే అక్కడ కుడి నుంచి మొదలుపెడతాం. పోల్చడంలో ముందు పెద్ద నోట్లు చూడాలి. పదుల్లో తొమ్మిది, ఒకట్లలో తొమ్మిది పెట్టినా 99 దాటదు, ఒక్క వందకు సరిపోదు. నోట్లతో ఇది నాలుగైదు రోజులు ఆడాం. వందలు సమానమైతే పదులు, అవీ సమానమైతే ఒకట్లు. తేడా కనబడిన చోట ఆగిపోవచ్చు.

<, > గుర్తులు చివర్లో నేర్పాను. మొసలి నోరు పెద్ద సంఖ్య వైపు తెరుచుకుంటుందని చాలామంది చెప్తారు. నాకది నచ్చదు, పిల్లలకు మొసలే గుర్తుంటుంది. ముందు "407 కంటే 470 పెద్దది" అని నోటితో చెప్పించి, తర్వాతే గుర్తు పెట్టించాను.

ఈ పనిలో మా అమ్మ సాయం చాలా ఉంది. రోజూ రాత్రి అనంతపురం నుంచి ఫోన్ చేసి తెలుగులో సంఖ్యలు అడిగేది. ఇంగ్లీషులో ఫోర్టీన్, ఫార్టీ పాప చెవికి ఒకేలా వినబడేవి. పద్నాలుగు, నలభై అంటే ఆ గొడవే లేదు. పైగా పద్నాలుగులో పది ముందే వినిపిస్తుంది. "నాలుగు వందల డెబ్భై, అమ్మమ్మా" అని వందలు ఒత్తి పలకడం అప్పుడే అలవాటైంది.

మూడో వారం చివర ఊటీ వెళ్ళాం. అక్కడి దొడ్డబెట్ట శిఖరం ఎత్తు 2,637 మీటర్లు, కేరళలోని ఆనైముడి శిఖరం 2,695 మీటర్లు అని రాసిచ్చి, ఏది ఎత్తని అడిగాను. చివర్న ఏడు, ఐదు ఉన్నాయి, మళ్ళీ అక్కడే పడుతుందేమోనని కాస్త టెన్షన్ పడ్డాను. వేళ్ళతో కుడివైపు మూసేసి ఎడమ నుంచి ఒక్కో అంకే తెరిచింది. "వేలు సమానం. వందలు సమానం. పదుల్లో మూడు, తొమ్మిది..." అని ఆగి, చివరి అంకెల మీంచి వేలు తియ్యకుండానే "ఆనైముడి" అంది.