బసవనగుడి పరిషెలో చెనక్కాయలు, అనపకాయలు

కార్తీకమాసం చివరి సోమవారం బెంగళూరు బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషెను, అంటే వేరుసెనగకాయల జాతరను, చూడాలని అనంతపురంలో రాత్రి రైలెక్కాను. బుల్ టెంపుల్ రోడ్డుకు రెండు వైపులా చెనక్కాయల రాసులు పోస్తారని విన్నాను గానీ, వాటి వెనక కూర్చున్నవారిలో అంతమంది తెలుగువారు ఉంటారని అనుకోలేదు. శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబాలు కొనేవారితో కన్నడంలో బేరమాడుతూ, తమలో తాము మాత్రం తెలుగులోనే లెక్కలు చూసుకుంటున్నాయి.

పరిషె పుట్టిన కథ అక్కడ ఎవరినడిగినా చెబుతారు. సుంకేనహళ్లి, గుట్టహళ్లి, మావళ్లి చేలలో ఒక ఎద్దు పడి పంట మేసిపోయేదట. రైతు కోపంతో కొట్టగానే అది రాయిగా మారిందట. తొలి పంట బసవన్నకే సమర్పిస్తామని ఊళ్లవాళ్లు మొక్కుకున్నారట. ఆ బసవన్న గుడిని బెంగళూరు నగర స్థాపకుడు కెంపేగౌడ 1537లో కట్టించాడంటారు. అయితే వేరుసెనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఐరోపావారి ఓడలు మన రేవులకు రావడం మొదలయ్యాకే ఈ దేశానికి చేరిన పంట అది. కెంపేగౌడ నాటికే ఇక్కడ ఎద్దు పడి మేసేంతగా పండిందంటే నాకు అనుమానమే. కథలో మొదట వేరే పంట ఉండి ఉండవచ్చు. ఆ మాటకొస్తే, పరదేశపు పంటను పాత మొక్కులోకి చేర్చుకోవడమే నోటి సంప్రదాయం చేసిన పెద్ద పని. ఆ ఊళ్లు నగరంలో పేటలై, చేలు పోయినా, మొక్కు నిలిచినందువల్ల చుట్టుపక్కల జిల్లాల కాయ ఏటా ఈ వీధికి వస్తూనే ఉంది.

ఒక రాశి ముందు కూర్చున్న అవ్వను, రెండు గింజల ఆ చిన్న కాయ ఏ రకమని అడిగాను. "నాటుకాయ నాయనా, మా మామ కాలం నుంచీ ఇదే" అంది. తమిళనాడులోని గుడియాత్తం వైపు గుబురుగా పెరిగే గుత్తి రకం నుంచి ఏరి, అక్కడి తిండివనం పరిశోధనా కేంద్రం 1940లో విడుదల చేసిన టి.ఎం.వి.-2 అనే వేరుసెనగ రకం ఈ ప్రాంతమంతా పాకింది కనుక అవ్వ చెప్పిన నాటుకాయ అదే కావచ్చు. సర్కారు విత్తనమైనా, ఇంట్లో దాచి, కోడలికి గుర్తులు చెప్పి అప్పగించే వరస ఏర్పడితే అది నాటుదే అవుతుంది.

మాట రాగిచేను మీదికి మళ్లాక అవ్వ మరింత ఉత్సాహంగా చెప్పింది. రాగి మధ్య 'అక్కడిసాళ్లు' అనే మిశ్రమ పంటల సాళ్లలో అనప (చిక్కుడు జాతి గింజ), కంది, ఆముదం, జొన్న, ఆవాలు వేస్తారు. ఏది ఏ సాలులో పడాలో రాసిపెట్టిన కాగితం ఎక్కడా లేదు, గొర్రు వెనక నడుస్తూ విత్తనం జారవిడిచే ఆడవాళ్లకు నోటికి తెలుసు. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అన్న సామెత అనంతపురంలో నేను విన్నదే. ఆవిడకది విత్తనాల లెక్క. ఆరుద్ర తప్పిందంటే ఏ గింజ మానుకోవాలో, వాన మరీ వెనకబడితే ఉలవలకు ఎంత నేల వదలాలో ఆ మాట నుంచే మొదలుపెడుతుంది. పదమూడు పద్నాలుగు రోజులకొక కార్తెగా సాగే ఆ లెక్కకు పనిరావాలంటే ఇంట్లో ఒకటికి నాలుగు రకాల గింజలు ఉండి తీరాలి.

మధ్యాహ్నం దగ్గరలోని గాంధీ బజారులో తొలి అనపకాయలు కనిపించాయి. కొనేవాళ్లు కాయను నలిపి వాసన చూసి గానీ బేరం మొదలుపెట్టరు. మంచు పడితేనే వచ్చే ఆ ఘాటైన వాసన లేనిదే, నానబెట్టి పొట్టు తీసిన అనపగింజల పితికిపప్పుకు రుచి రాదని పెద్దలంటారు. పాత అనప పగటి పొద్దు తగ్గితే తప్ప పూయదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన హెబ్బాళ అవరె-3, 4 రకాలకు ఆ పట్టింపు లేదు, ఏ కాలంలోనైనా కాస్తాయి. రైతుకు అది మేలే, కాదనను. అమ్ముతున్న కుర్రవాణ్ణి అడిగితే తాను రెండూ వేస్తానన్నాడు: ఎండాకాలపు సంతకు నీళ్లున్న మడిలో కొత్తది, వాళ్లమ్మ చెప్పిన కార్తెలో రాగిచేను సాళ్లలో పాతది.