గూడబాతులు 63: ఒక సర్వే రిపోర్టు వెంట పది నెలలు

2024 మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే ఎప్పట్లాగే మా చెరువు దగ్గరికి వెళ్తే గార్డు గేటు తీయలేదు. వాకింగ్ అయితే వెళ్ళండి సార్, మెడలో బైనాక్యులర్స్, బ్యాగులో కెమెరా ఉంటే పంపొద్దన్నారు అన్నాడు. బెంగళూరులో కె.ఆర్.పురం దాటాక ఉండే ఈ చెరువుకి నేను తొమ్మిదేళ్ళుగా వస్తున్నాను, ఆ గార్డుకి నా బండి నంబరు కూడా తెలుసు, పాపం అతను మొహం పక్కకి తిప్పుకునే మాట్లాడాడు. గేటుకి కన్నడలో ఒక కాగితం అంటించి ఉంది. కన్నడ అక్షరాలు మనకి కూడబలుక్కుంటే వచ్చేస్తాయి కదా, నిలబడి చదివాను. పక్షులను చూడటానికీ ఫొటోలు తీయడానికీ వచ్చేవాళ్ళ అలికిడి వల్ల పెలికన్లు ఈ చెరువు వదిలి వెళ్ళిపోయినట్టు శాస్త్రీయ సర్వేలో తేలింది, అందుకే కెమెరాలు, బైనాక్యులర్స్ నిషేధం అని దాని సారాంశం.

అది చదువుతూ తలెత్తితే, గేటు మీదుగానే, చెరువు మధ్య దిబ్బ మీద తుమ్మచెట్ల నిండా పెలికన్లు కనిపిస్తున్నాయి. మా కడప వైపు గూడబాతులంటాం. పెద్ద పక్షి, ముక్కు కింద సంచీ, కొమ్మ మీద వాలితే కొమ్మ వంగుతుంది. కనబడకపోవడానికి అదేమన్నా పిచ్చుకా?

ఇంటికొచ్చి ఆ రిపోర్టు కోసం వెతికాను. దాన్ని చేయించింది ఒక ప్రభుత్వ విభాగం, చేసింది వాళ్ళు డబ్బిచ్చి పెట్టుకున్న ఒక సంస్థ, పేర్లు ఇక్కడ రాయను. పట్టికలో తారీఖు 26-09-2023. నలభై ఒక్క జాతులు. వరసగా చదువుతుంటే ఎక్కడో చూసినట్టే అనిపిస్తోంది గానీ ఏమిటో తట్టడం లేదు. ఇండియన్ స్పాట్-బిల్డ్ డక్, అంటే బాతు, 63 అన్న దగ్గర ఆగిపోయాను, స్పాట్-బిల్డ్ పెలికన్ ఊసే లేదు. చేతులు చల్లబడ్డాయి. ఆ తప్పు నాది.

ఏం జరిగిందంటే, 2023 సెప్టెంబర్ 24, ఆదివారం, నేను ఆ చెరువులో లెక్కపెట్టి లిస్టు ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షుల లెక్కలు ఎవరైనా పెట్టగలిగే వెబ్‌సైట్‌లో, పెట్టాను. ఫోన్‌లో స్పాట్ బిల్డ్ అని కొడితే బాతూ వస్తుంది, పెలికనూ వస్తుంది. వానపడుతుందని తొందరలో బాతు మీద నొక్కి 63 వేశాను. జేబులో ఉండే చిన్న నోట్‌బుక్‌లో మాత్రం పెన్సిల్‌తో తెలుగులో 'గూడబాతు 63' అనే ఉంది, వాన చుక్క పడి 3 కాస్త చెదిరింది. జనవరిలో, లిస్టులు పరిశీలించే వాలంటీర్ ఒకరు, ఆ చెరువులో అన్ని బాతులా, ఒకసారి చూసుకుంటారా అని మెయిల్ పెట్టారు. నోట్‌బుక్ తీసి చూసుకుని అదే రోజు సరిచేశాను. పొరపాటు జరిగింది, ఇంకొకరు పట్టుకున్నారు, దిద్దుకున్నాను. ఈ హాబీ నడిచే పద్ధతే అది. కానీ ఆ లోపే, నవంబర్‌లో, నా లిస్టు మొత్తాన్ని, నలభై ఒక్క జాతులు, నలభై ఒక్క అంకెలు, వరస కూడా మార్చకుండా ఎత్తుకుని, తారీఖు రెండు రోజులు ముందుకు జరిపి, మా బృందం స్వయంగా లెక్కించింది అని రాసి ఇచ్చేశారు.

మా లిస్టులు వాడుకోవడం తప్పని నేను అనడం లేదు, వాడుకోవాలనే పెడతాం. స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023 అనే దేశవ్యాప్త నివేదికలో 942 జాతుల పరిస్థితి చెప్పగలిగారంటే దాని వెనక ముప్పై వేల మంది మామూలు పక్షి ప్రేమికులు రాసుకున్న మూడు కోట్ల రికార్డులున్నాయి. అక్కడ ఎవరి లెక్కో చెప్పి, వడగట్టి, అనుమానం ఉన్నవి పక్కన పెట్టి వాడారు. ఇక్కడ 'ఇది ఫలానా హాబీ మనిషి లిస్టు' అని ఒక్క ముక్క రాసి ఉన్నా, ఎవరో ఒకరు నాకు మెయిల్ పెట్టేవారు, అక్కడే తప్పు బయటపడేది. 'మేమే చూశాం' అనేసరికి అడిగే దారే మూసుకుపోయింది, నా పొరపాటు కాస్తా సర్కారు వాస్తవం అయిపోయింది, దాన్ని చూపించి మమ్మల్నే గేటు బయట నిలబెట్టారు.

మా గుంపులో ఒక పెద్దాయన ఉన్నారు, చిత్తూరు మనిషి, బ్యాంకులో రిటైరయ్యారు, అందరం బాబాయ్ అంటాం. ఆయన ఒక్కటే చెప్పారు. "ఒరేయ్ అబ్బాయ్, కోపంతో మెయిల్స్ పెట్టకు. కాగితం అడుగు. కాగితమే మాట్లాడుతుంది." అలా ఆర్టీఐలోకి, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుల్లోకి, దిగాను.

మొదటి దరఖాస్తు ఒకటిన్నర పేజీ రాశాను, బాధంతా కక్కేశాను. తిరిగొచ్చింది. కర్ణాటక నిబంధనల్లో దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒక దరఖాస్తులో ఒకే విషయం అడగాలి, ఇది తెలియక చాలామంది నాలాగే మొదటి నెల పోగొట్టుకుంటారు. బాబాయ్ కూర్చుని దాన్ని మూడు ముక్కలు చేశారు. ఒకటి, ఆ రోజు చెరువు దగ్గర నింపిన ఫీల్డ్ షీట్ల నకళ్ళు. రెండు, సర్వే బృందాన్ని తీసుకెళ్ళిన ఆఫీసు జీపు లాగ్‌బుక్‌లో సెప్టెంబర్ 26 పేజీ. మూడు, పని అప్పగించిన ఆర్డరు. ఎందుకు, ఎలా, ఎవరిది బాధ్యత లాంటి మాటలన్నీ కొట్టేశారు. ప్రశ్న అడిగితే జవాబు ఇవ్వక్కర్లేదు, ఉన్న కాగితం అడిగితే ఇవ్వాలి అని ఆయన లెక్క. ఒక్కోదానికి పది రూపాయల పోస్టల్ ఆర్డరు. రెండోది లాగ్‌బుక్ ఎందుకు బాబాయ్ అన్నాను. ఆ తారీఖు ఏమిటో నీకు గుర్తులేదా అన్నారు. నిజంగానే నాకు తట్టలేదు. తమిళనాడుకి కావేరి నీళ్ళ విషయంలో బెంగళూరు బంద్ జరిగిన రోజు, 144 సెక్షన్ పెట్టిన రోజు, నేను ఇంట్లో కూర్చుని పనిచేసుకున్న మంగళవారం.

ముప్పై రోజుల్లో జవాబివ్వాలన్నది చట్టంలో మాట. లాగ్‌బుక్ దరఖాస్తుని సెక్షన్ 6(3) కింద ఇంకో ఆఫీసుకి పంపేశారు, అక్కడి నుంచి మళ్ళీ ఇటే వచ్చింది. ఫీల్డ్ షీట్లు మా దగ్గర లేవు, సర్వే చేసిన సంస్థ దగ్గరున్నాయి అని జవాబిచ్చారు. దీని మీద మొదటి అప్పీలు వేశాను, జవాబు అందిన ముప్పై రోజుల్లోపు వేయాలి, తారీఖు జాగ్రత్తగా రాసిపెట్టుకోండి. సెక్షన్ 2(జె) ప్రకారం తమ దగ్గరున్నదే కాదు, తమ అధీనంలో ఉన్న సమాచారం కూడా ఇవ్వాలి, డబ్బిచ్చి చేయించుకున్న సర్వే షీట్లు అధీనంలో లేవంటే ఎలా అని నాలుగు వాక్యాలు రాశాను. అప్పీలు విన్న అధికారి ఫైలు చూసుకోవడానికి అనుమతిచ్చారు. అప్పటికి జూలై.

ఈ లోపు జరిగిందే నాకు ఎక్కువ బాధ. గుంపులో సగం మంది చెరువు మానేశారు. మా అమ్మాయి వయసున్న ఒక కాలేజీ పిల్ల, ఎంత చక్కగా లెక్కపెట్టేదో, ఇక లిస్టులు పెట్టనంది. "అంకుల్, మనం రాసిందే మన మీదికి వస్తుంటే ఎందుకు రాయాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. కొందరు ఫోన్ చేసి, అన్నా వదిలేయ్, గొడవైతే మిగతా చెరువుల్లోనూ గేటు వేస్తారన్నారు. వాళ్ళ భయం తప్పని అనలేను.

బాబాయ్‌కి ఇలాంటివి కొత్త కాదు. రాజస్థాన్‌లో పులుల అభయారణ్యం సరిస్కా సంగతి ఆయనే చెప్పారు. 2004 దాకా కాగితాల్లో అక్కడ పులులు పదిహేనుకి పైనే ఉన్నాయి, 2005 నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదని తేలింది. ఆ తర్వాతే అడుగుజాడల లెక్క వదిలేసి కెమెరాల పద్ధతికి వచ్చారు, 2001-02లో 3,642 అన్న దేశం లెక్క 2006లో 1,411 అయింది. నాకేమో ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ గుర్తొస్తుంది. మైనర్ట్‌జాగన్ అనే బ్రిటిష్ సైన్యాధికారి మ్యూజియంలో పాత నమూనా కాజేసి, దాన్ని తానే 1914లో గుజరాత్‌లో పట్టుకున్నానని చీటీ కట్టాడు. అది దొంగ చీటీ అని కనిపెట్టి పక్కన పెట్టాకే, పక్షి శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ వాళ్ళు నిజమైన పాత నమూనాల జాడ పట్టుకుని వెళ్ళి 1997లో మహారాష్ట్రలో షహాదా దగ్గర ఆ గుడ్లగూబని చూశారు. 1884 తర్వాత దాని గురించి దొరికిన మొదటి గట్టి ఆధారం అది. ఒక అబద్ధపు చీటీ పక్షిని వెతికేవాళ్ళని ఎంత దూరం తప్పుదారి పట్టిస్తుందో చూడండి.

ఫైలు చూడ్డానికి వెళ్ళిన రోజు సెలవు పెట్టాను. సెక్షన్‌లో ఒక మేడమ్ ఉన్నారు, నా కన్నడ రెండు మాటలు విని, ఆంధ్రానా మీది అన్నారు. వాళ్ళది మాలూరట, ఇంట్లో తెలుగే. కుర్చీ వేయించి, ఫైలు ముందు పెట్టి, నిదానంగా చూసుకోండి అన్నారు. ఫీల్డ్ షీట్లు మూడు. చెరువు గట్టు మీద రాసిన కాగితం ఎలా ఉంటుందో నాకు తెలుసు, తడి, మట్టి, కొట్టివేతలు, పక్కన మళ్ళీ రాసిన అంకెలు. ఇవి మడత కూడా పడలేదు. ఒకే నీలం పెన్ను, ఒకే చేతిరాత, ఎండా మబ్బూ రాయాల్సిన గడి ఖాళీ. లాగ్‌బుక్ మాత్రం నలిగి, ఆయిల్ మరకలతో ఉంది. సెప్టెంబర్ 26 గళ్ళో డ్రైవర్ వంకర అక్షరాలతో కన్నడలో రాసుకున్నాడు: బంద్, వాహనం తీయలేదు. మీటరు అంకె ముందు రోజుదీ మర్నాడు పొద్దుటిదీ ఒకటే. ఆ రెండు పేజీలకి నకలు కావాలని రాసిచ్చాను, పేజీకి రెండు రూపాయలు. ఆ మేడమ్ నకలు చేతికిస్తూ ఏమీ అనలేదు గానీ, స్టాంపు రెండుసార్లు స్పష్టంగా పడేలా నొక్కి ఇచ్చారు.

సెప్టెంబర్‌లో పెద్ద ఆఫీసర్ గారు కలవమన్నారు. నేనూ బాబాయ్ వెళ్ళాం. నా నోట్‌బుక్, జనవరి మెయిల్, 24వ తారీఖు ఉదయం స్నేహితుడు తీసిన దిబ్బ ఫొటో, లాగ్‌బుక్ నకలు అన్నీ వరసగా పెట్టాను. ఆయన అంతా విని, "అంటే మొదటి తప్పు మీదే కదా" అన్నారు. రాత్రంతా భయపడింది ఆ మాటకే. అవును సార్, నాదే, నేను చెప్పుకున్నాను, దిద్దుకున్నాను, వీళ్ళు ఏ రోజు చెరువుకి వెళ్ళారో చెప్పమనండి సార్ అన్నాను. గొంతు వణికింది. ఆయన లాగ్‌బుక్ నకలు మళ్ళీ తీసి చాలాసేపు చూశారు. టీ తెప్పించారు.

అక్టోబర్‌లో రిపోర్టు తీసేశారు, గేటు మీది కాగితం కూడా. బైనాక్యులర్స్‌కి అభ్యంతరం లేదు, పెద్ద లెన్సులకి మాత్రం ముందుగా ఉత్తరం ఇవ్వాలన్నారు, దానికి ఒప్పుకున్నాం. సర్వే చేసినవాళ్ళ మీద చర్య ఏమిటో తెలియలేదు, ఆ డబ్బు వెనక్కి తీసుకున్నట్టు కూడా ఎక్కడా కాగితం దొరకలేదు. దాని మీద ఇంకో దరఖాస్తు వేశాను, 150 పదాల్లోపే.

2025 జనవరిలో మళ్ళీ లెక్కపెట్టారు, ఈసారి మమ్మల్ని కూడా పిలిచి. కాలేజీ పిల్ల వచ్చింది. ఇద్దరిద్దరం విడిగా లెక్కపెట్టి, రెండు కాగితాల మీదా అంకెలు కలిశాకే షీటులో ఎక్కించాం, కింద అందరం సంతకాలు చేశాం. దిబ్బ మీద గూడబాతులు 58. ఆఫీసు జీపు గేటు పక్కనే ఆగి ఉంది, డ్రైవర్ స్టీరింగ్ మీద లాగ్‌బుక్ పెట్టుకుని చెరువు పేరూ, వచ్చిన టైమూ రాసుకుంటున్నాడు. దగ్గరికెళ్ళి నమస్కారం పెట్టాను. ఎందుకు పెట్టానో ఆయనకి అర్థమైనట్టు లేదు, నవ్వి, "టీ ఆయ్తా సార్" అన్నాడు.