నొప్పి నాది, జవాబు మా ఆయనకి

మెడ మీద ప్లాస్టర్ ఇంకా తీయలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

రెండో కాన్పు తర్వాత మొదలైంది పొత్తికడుపు నొప్పి. పొద్దున ఏమీ ఉండదు. క్లాసుల్లో నిలబడి నిలబడి సాయంత్రమయ్యేసరికి ఎడమ వైపు కిందికి లాగేస్తున్నట్టు బరువు. పడుకుంటే నెమ్మదిస్తుంది. నెలసరికి ముందైతే చెప్పనక్కర్లేదు. స్కానింగులన్నీ నార్మల్.

పేరున్న గైనకాలజిస్ట్ అంటే వెళ్లాం. ఆవిడ రిపోర్టులు తిరగేసి, నా వైపు చూడకుండా మా ఆయనతో, "ఇద్దరు పిల్లలున్నారుగా, గర్భసంచి తీసేద్దాం" అన్నారు. ఏ జబ్బుకి మేడమ్ అని అడిగాను.

"చూడమ్మా, రిపోర్టుల్లో ఏమీ లేదు. నీకు టెన్షన్ ఎక్కువ."

"ఏమీ లేకపోతే తీయడం ఎందుకండీ?"

పెన్ను మూత పెట్టి మళ్లీ మా ఆయననే అడిగారు: "ఇంట్లో ఏమైనా గొడవలా?" తలుపు దగ్గర నర్సు, ఆమె వెనక తర్వాతి పేషెంట్లు, అందరూ వింటున్నారు. ఈయన నేలచూపులు చూస్తూ కూర్చున్నారు. ఆ సంగతి ఇంటికెళ్లాక తేల్చుకున్నాను లెండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకి సుమారు ముగ్గురైతే ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. ఆ గది చూశాక ఆ లెక్క ఎలా వచ్చిందో అర్థమైంది.

దారి దొరికింది వేరే చోట. తొడ లోపల ఉబ్బిన నరాలు చూపించడానికి వెళితే వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టరు) మొదట అడిగిందే "ఎక్కువసేపు నిలబడితే పొత్తికడుపు నొప్పొస్తుందా?" అని. నాకు ఏడుపు ఆగలేదు. రక్తం ఎటు పారుతోందో చూసే డాప్లర్ స్కాన్, తర్వాత సీటీ. అండాశయం నుంచి పైకి వెళ్లే సిరలో కవాటాలు పాడై, రక్తం వెనక్కి జారి పొత్తికడుపు అడుగున నిలిచిపోతోందట. పెల్విక్ కంజెషన్ సిండ్రోమ్ అంటారట. పడుకోబెట్టి తీసే మామూలు స్కానింగులో ఇది తప్పిపోవచ్చట.

మెడ సిరలోంచి సన్నటి గొట్టం పంపి, నురగ మందు ఎక్కించి, కాయిల్స్ (సన్నటి లోహపు తీగచుట్టలు) పెట్టి ఆ సిరని మూసేశారు. మెలకువగానే ఉన్నాను. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను.

అందరికీ తగ్గుతుందని చెప్పలేమనీ, ఈ వైద్యం మీద పెద్ద అధ్యయనాలు ఇంకా తక్కువే జరిగాయనీ, అమెరికా వాస్క్యులర్ సర్జన్ల సంఘం 2011లో కూడా దీన్ని గట్టిగా కాదు, సూచనగానే చెప్పిందనీ డాక్టరే ముందు చెప్పారు. అలా చెప్పినందుకే సంతకం పెట్టాను.

ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం ఇది అందం కోసం చేయించుకున్న వైద్యమని తిప్పికొట్టారు. కడుపు లోపలి సిరకి అందమేంటో! మీరు వెళితే నొప్పి ఏ వేళ పెరుగుతుందో, ఏ వేళ తగ్గుతుందో కాగితం మీద రాసుకెళ్లండి. ఆయనగారిని బయట కుర్చీలో కూర్చోబెట్టండి. క్లెయిముకి డాక్టరు చేత నొప్పి వివరాలన్నీ రాయించి, సీటీ రిపోర్టుతో కలిపి పంపండి. నేను మళ్లీ పంపాను, ఇంకా జవాబు రాలేదు.